మద్రాసులో మూడు రోజులు, అరవైల పాటలు, అరలో దొరికిన నవల

తుంగతీరం (బెంగళూరు)
శనివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నిన్ననే చెన్నై నుంచి తిరిగొచ్చాను. ఒళ్ళు ఇక్కడుంది కానీ చెవులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

పని మీద వెళ్ళలేదు. పెళ్ళికీ కాదు, ఆస్పత్రికీ కాదు. ముగ్గురు స్నేహితుల్ని చూడటానికి వెళ్ళాను, అంతే. "ఊరికే వెళ్తున్నావా?" అని మా అమ్మ రెండుసార్లు అడిగింది. ముగ్గురూ నాకు పాటల వల్ల దగ్గరైనవాళ్ళే. ఒకాయన పెరంబూరులో ఉంటారు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఇంకొకడు కర్నూలు హాస్టల్లో నా రూమ్మేటు, ఇప్పుడు కోడంబాకంలో కాపురం. మూడో ఆవిడ మైలాపూరు మేడమ్, కాలేజీలో తెలుగు చెప్పేవారు.

మొదటి రాత్రి మేడమ్ గారింట్లో భోజనం. ఆవిడ పుస్తకాల అరలో కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' కనిపించింది. 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' సినిమాకి ఆ నవలే ఆధారమని తెలుసు కానీ ఎన్నడూ చదవలేదు. "తీసుకెళ్ళు బాబూ, వెళ్ళేలోపు ఇచ్చెయ్" అన్నారు. కోడంబాకంలో మా వాడింటి హాల్లో చాప మీద పడుకుని రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. చెల్లెల్ని పోగొట్టుకున్న డాక్టరు ఇంకొకరి భార్యలో ఆ చెల్లెల్ని చూసుకుంటాడు. ఆ అనుబంధాన్ని చుట్టూ ఉన్నవాళ్ళు అపార్థం చేసుకుంటారు. కథ అదే. చదువుతున్నంతసేపూ గొంతులో ఏదో అడ్డుపడ్డట్టే ఉంది.

మూడో రోజు పొద్దున పెరంబూరు వెళ్ళాను. పెద్దాయన దగ్గర కీ ఇచ్చే గ్రామఫోను ఉంది. రికార్డును ఖాకీ రంగు కాగితపు కవరు లోంచి బయటికి తీసే తీరే చూడాలి. అంచులు మాత్రమే పట్టుకుంటారు, వేలు గాడుల మీద పడదు. పాత మల్లు పంచె ముక్కతో గాడుల వెంటే గుండ్రంగా తుడిచారు, అడ్డంగా ఒక్కసారి కూడా తుడవలేదు. సూది మార్చారు. పక్కన హ్యాండిలు పట్టుకుని లెక్కపెట్టుకుంటూ తిప్పారు. సూది పెట్టగానే సరసరమని చప్పుడు, వేయించిన ఆవాలు చిటపటలాడినట్టు. ఆ తర్వాత ఘంటసాల గారి గొంతు, ఆ 'డాక్టర్ చక్రవర్తి'లోదే, 'మనసున మనసై'.

శ్రీశ్రీ గారు రాసిన ఆ పాటని ఫోన్లో కొన్ని వందల సార్లు వినుంటాను. కానీ ఆ నవల రాత్రి చదివి పొద్దున వినడం ఇదే మొదటిసారి. తోడు అన్న మాట దగ్గర పెద్దాయన నా వైపు చూశారు. ఏమీ అనలేదు. నాకు కళ్ళు తడిశాయి.

తిరుగు ప్రయాణం బృందావన్‌లో. అది కూడా అరవైల బండే, 1964 అక్టోబర్ 1న మొదలైంది. అంటే ఈ పాటకీ ఆ రైలుకీ ఒకే వయసు. కాట్పాడి దాటాక కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఆలోచించాను. ఇన్నేళ్ళూ ఈ పాటల్ని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగానే విన్నాను. ఆ పూట పక్కన ఇంకొకరు ఉండేసరికి పాట వేరేగా వినిపించింది. మీకెవరికైనా ఇలా అయిందా? మీరు ఎవరితో కలిసి వింటారు?


మాంబళం మావయ్య (చెన్నై)
ఆదివారం ఉదయం 6:05

బాబూ తుంగతీరం, పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను. రెండోసారి చదివేసరికి కాఫీ చల్లారింది.

నాకు డెబ్బై ఆరు. పుట్టింది నెల్లూరు, పెరిగింది టి.నగర్. మా నాన్నగారు సినిమా ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు. పొద్దున ఒక స్టూడియోలో తెలుగు పాటకి, మధ్యాహ్నం ఇంకోచోట తమిళ పాటకి, రాత్రి కన్నడానికి కాల్షీట్. ఆ రోజుల్లో దక్షిణాది భాషలన్నిటి పాటలూ ఎక్కువగా ఈ ఊళ్ళోనే తయారయ్యేవి. ఇంటికొచ్చాక ఎడమచేతి వేళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చునేవారు. అప్పుడు మేం మాట్లాడకూడదు.

నువ్వడిగిన మాటకి జవాబు చెబుతాను. మా చిన్నప్పుడు ఒంటరిగా వినడం అంటే ఏమిటో మాకు తెలీదు. రేడియో వీధికి ఒకటో రెండో. 1952లో ఆకాశవాణి సినిమా పాటల్ని పక్కన పెట్టేసిన తర్వాత జనమంతా రేడియో సిలోన్ వైపు వెళ్ళారు. 1957లో వివిధభారతి మొదలయ్యాక కూడా సిలోన్ తెలుగు పాటల మీద మోజు పోలేదు. సిగ్నల్ అలల్లాగా వచ్చి పోయేది. చరణం మధ్యలో గొంతు మాయమైతే, వింటున్నవాళ్ళందరం కలిసి ఆ లైను పాడేసి, మళ్ళీ సిగ్నల్ వచ్చేసరికి సరిగ్గా అందుకునేవాళ్ళం. ఎదురింటి మామి తమిళావిడ, ఆవిడా పాడేది. తెలుగు చదవడం రాదు, పాటంతా వచ్చు.


కోరమంగళ శ్రోత (బెంగళూరు)
ఆదివారం ఉదయం 11:30

నేను ఇక్కడ చిన్నవాణ్ణి, ఇరవై ఏడేళ్ళు. అరవైల సంగీతంలోకి నేను వేరే తలుపు లోంచి వచ్చాను, ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ వల్ల. కాలేజీలో నా రూమ్మేట్ 'రబ్బర్ సోల్' వినిపించాడు. 1965 డిసెంబర్‌లో వచ్చిన ఆల్బం. అందులో ఒక పాటలో జార్జ్ హారిసన్ సితార్ వాయిస్తాడు. మన తీగ ఆ పాటలో ఎలా దూరిందా అని వెతుక్కుంటూ పోతే, చివరికి మా అమ్మమ్మ పాడుకునే సాలూరి రాజేశ్వరరావు గారి పాటల దగ్గర తేలాను.

మీకు తెలుసో లేదో, ఈ రెండు లోకాలకీ ఒక చుట్టరికం ఉంది. బీటిల్స్ రికార్డులు వేసింది ఇంగ్లండ్ కంపెనీ ఇ.ఎం.ఐ. మన దగ్గర హెచ్.ఎం.వి., కొలంబియా పేర్లతో రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీ కూడా అప్పట్లో ఇ.ఎం.ఐ. చేతిలోదే. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయ్యేవి. ఇంగ్లండ్‌లో 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు ఆపేశాక కూడా ఇక్కడ ఇంకా కీ గ్రామఫోన్లు ఉండటంతో బీటిల్స్ పాటల్ని సైతం 78లుగా డమ్‌డమ్‌లో వేశారు. ఇప్పుడు ప్రపంచమంతా కలెక్టర్లు వాటి కోసం వెతుకుతుంటారు. అంటే ఘంటసాల గారి ప్లేటు, బీటిల్స్ గాయకుడు లెనన్ ప్లేటు ఒకే ఫ్యాక్టరీ గేటు లోంచి బయటికొచ్చాయి. ఈ సంగతి తెలిసిన రోజు మా అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "ఎవరి ప్లేటు బాగుందిట?" అంది.

ఒక బాధ కూడా చెప్పాలి. పోయిన ఏడాది ఆన్‌లైన్లో ఒకచోట పాత తెలుగు 78 రికార్డు కొన్నాను. పార్సిల్ విప్పితే మూడు ముక్కలు. లక్కతో చేసినవి కదా, పింగాణీ పళ్ళెంలా పగిలింది. డబ్బు తిరిగి ఇవ్వలేదు సరికదా, మెసేజ్‌కి జవాబు కూడా లేదు. ఆ ముక్కలు ఇంకా దాచుకున్నాను, లేబుల్ ఉన్న ముక్క మీద సుశీల గారి పేరు చెక్కుచెదరలేదు.


మైలాపూరు వీణ (చెన్నై)
ఆదివారం మధ్యాహ్నం 3:15

పిల్లలకి వీణ నేర్పుతాను. ఆ 'డాక్టర్ చక్రవర్తి'లోనే సుశీల గారు పాడిన 'నీవులేక వీణ' గురించి ఒక్క మాట. ఆత్రేయ గారి రచన, రాజేశ్వరరావు గారి బాణీ. మా దగ్గరికొచ్చే ప్రతి పిల్లా ఎప్పుడో ఒకరోజు "టీచర్, ఆ పాట నేర్పండి" అంటుంది. నేను వెంటనే నేర్పను. ముందు వినమంటాను. గొంతు ఆగిన చోట వీణ మాట్లాడుతుంది, వీణ ఆగిన చోట గొంతు. ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగుతారు. గమకం తర్వాత నేర్చుకోవచ్చు, ఆగడం ముందు నేర్చుకోవాలి.

తుంగతీరం గారూ, మీరు అడిగిన దానికి నా అనుభవం ఇది. నాకు ఎక్కువగా తోడు కృష్ణశాస్త్రి గారు. 1963లో ఆయన గొంతు పోయింది, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆ తర్వాత మనుషులతో కాగితం మీద రాసి మాట్లాడేవారు. అలాంటి మనిషి ఆ తర్వాత కూడా సినిమాలకి పాటలు రాశారు. 1969లో 'బంగారు పంజరం'లో జానకి గారు పాడిన 'పగలైతే దొరవేరా' ఆయనదే. తన నోట ఒక్క మాట పలకలేని కవి, ఇంకొకరి గొంతు కోసం అంత మెత్తని మాటలు ఏరుకుంటూ కూర్చోవడం తలచుకుంటే నాకు చెయ్యి వీణ మీద నిలవదు. ఈ సంగతి తెలియక ముందు ఆ పాట నాకు ఒక మంచి జానపదం లాంటి పాట, అంతే. చదివాకే అది వేరే పాటయింది. కాబట్టి పుస్తకం కూడా పక్కన కూర్చుని పాట వినిపించే స్నేహితుడే అని నాకనిపిస్తుంది.


తుంగతీరం (బెంగళూరు)
ఆదివారం రాత్రి 9:40

టీచర్ గారూ, మీ పోస్టు చదివి ఆ పాట ఇప్పుడే విన్నాను. ఈసారి ఇయర్‌ఫోన్లు లేకుండా, వంటింట్లో అమ్మ ఉండగా. అమ్మ చపాతీ పిండి కలుపుతూ ఆగిపోయింది. "ఇది మీ నాన్నకిష్టం" అంది. ఈ ఇంట్లో యాభై ఏళ్ళుగా ఉన్నాను, నాకు తెలియని సంగతి.


అట్టలేని పుస్తకం (చెన్నై)
సోమవారం ఉదయం 8:50

చదవడం మాట వచ్చింది కాబట్టి నేనూ కూర్చుంటున్నాను. నా పిచ్చి పాటల పుస్తకాలు. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. సినిమా హాలు బయట అమ్మే పది పన్నెండు పేజీల పుస్తకం. ముందు నటీనటుల పేర్లు, తర్వాత కథ సగం దాకా చెప్పి "శేషం వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు, ఆ తర్వాత పాటలు. వాన పాముల్లాంటి సన్నటి అచ్చు. నా దగ్గర నూట ఎనభై దాకా ఉన్నాయి.

ఒకటి ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. పిన్నులు తుప్పుపట్టి కాగితం మీద రెండు ఎర్ర మచ్చలు పడ్డాయి. వెనక అట్ట మీద వెల పక్కన 'న.పై.' అని ఉంది. నయాపైసలు. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలొచ్చాక 'నయా' అన్నారు, 1964 జూన్ నుంచి ఆ 'నయా' తీసేశారు. కాబట్టి సంవత్సరం అచ్చు వెయ్యని పుస్తకం దొరికినా, 'న.పై.' ఉంటే ఏ కాలం నాటిదో ఒక అంచనా కట్టొచ్చు. లోపల ఒక చరణం పక్కన ఎవరో పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టారు. ఎవరో, ఏ ఊరో. ఆ టిక్కు చూసినప్పుడల్లా నాకు ఆ మనిషితో పరిచయం ఉన్నట్టే ఉంటుంది.

ఈ పుస్తకాల వల్ల ఒకటి తెలిసింది. 78 రికార్డుకి ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. పాట అంతకంటే పెద్దదైతే రెండు వైపులా వెయ్యాలి, లేదా ఏదో ఒక ముక్క కొయ్యాలి. అందుకే సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేని పాటలు చాలానే ఉన్నాయి. రేడియోలో వేసింది రికార్డు కాబట్టి మనకి ఆ చరణం లేకుండానే అలవాటైపోయింది. పాటల పుస్తకంలో మాత్రం అది భద్రంగా ఉంటుంది.

చెన్నై వచ్చేవాళ్ళకి ఒక మాట. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి తప్పకుండా వెళ్ళండి. 1896 నాటిది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ అందాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, తెలుగు పుస్తకాలు కూడా ఉంటాయి. మూర్ మార్కెట్ ఉన్న రోజుల్లో అయితే మా నాన్న నన్ను భుజమెక్కించుకుని పాత పుస్తకాల వరసలన్నీ తిప్పేవారు. 1985లో అది తగలబడిపోయింది. ఆ రోజు నాన్న అన్నం తినలేదు.


కుప్పం కిటికీ
సోమవారం మధ్యాహ్నం 1:10

బృందావన్ మాట చూసి ఆగలేక రాస్తున్నా. తమిళనాడు దాటాక, కర్ణాటక రాకముందు మా కుప్పం. ఆ కాసేపూ ప్లాట్‌ఫాం మీద తెలుగు వినిపిస్తుంది. ఈసారి వెళ్తే కిటికీ లోంచి చెయ్యి ఊపండన్నా, స్టేషన్ ఎదురుగానే మా అంగడి.


కోరమంగళ శ్రోత (బెంగళూరు)
సోమవారం రాత్రి 11:05

మావయ్య గారూ, ఒక సందేహం. అప్పట్లో గాయకుడూ ఆర్కెస్ట్రా ఒకేసారి, మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా రికార్డు చేసేవారు కాబట్టే ఆ పాటల్లో ప్రాణం ఉందని అందరూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. బీటిల్స్ మొదటి ఆల్బంలో పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డు చేశారు. చివరి పాటకి లెనన్ గొంతు బొంగురుపోయింది, ఆ బొంగురే ఆ పాటకి అందం. సరే. కానీ వాళ్ళే నాలుగేళ్ళ తర్వాత నెలల తరబడి స్టూడియోలో కూర్చుని ట్రాకు మీద ట్రాకు వేసి చేసిన పాటల్లోనూ ప్రాణం ఉంది కదా. ఒక్క టేకులో చేసిందే గొప్పదని నాకనిపించదు.


మాంబళం మావయ్య (చెన్నై)
మంగళవారం ఉదయం 5:50

బాబూ, నువ్వన్నది నిజమే. యంత్రం తక్కువైనంత మాత్రాన పాట గొప్పదైపోదు. అలా చేసిన పాటల్లో మరిచిపోయినవే ఎక్కువ. మా నాన్నగారు వాయించిన వందల పాటల్లో ఇవాళ ఎవరైనా పాడేవి ముప్పయ్యో నలభయ్యో.

కానీ ఒక్కటి చెబుతాను. ఒకే గదిలో ముప్పై మంది ఉంటారు. మూడో నిమిషం దాకా అందరూ బాగా వాయించి, చివర్లో ఒక తబలా దెబ్బ తప్పితే మళ్ళీ మొదట్నుంచి. అందుకని ఒకరి తప్పు ఇంకొకరికి భయం. ఒకరి మెరుపు ఇంకొకరికి ఊపు. ఒకసారి గాయని ఒక సంగతి (అదే లైనును కొత్తగా తిప్పి పాడటం) రిహార్సల్లో లేని విధంగా వేసిందట, బాగా వేసిందట. నాన్నగారి పక్క కుర్చీలో ఉన్న వయొలిన్ ఆయన వాయించడం మాని చూస్తూ ఉండిపోయారు. టేకు పోయింది. ఎవరూ తిట్టలేదట. మళ్ళీ తీసినప్పుడు ఆ సంగతి రాలేదు. పోయిన ఆ టేకు ఎంత బాగుందో నాన్నగారు చనిపోయేదాకా చెప్పేవారు. ఆ గదిలో ఉన్న ముప్పై మంది తప్ప ఇంకెవరూ వినని పాట అది.

నువ్వు చెప్పిన ఫిబ్రవరి 11 నాకు వేరే విధంగా గుర్తు. 1974లో అదే తారీఖున ఘంటసాల గారు పోయారు. మా వీధిలో ఆ రోజు ఎవరింట్లోనూ రేడియో కట్టెయ్యలేదు, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.


సూళ్ళూరుపేట లోకల్
మంగళవారం రాత్రి 8:30

నేను ఇక్కడ చదవడమే కానీ రాయను. ఎవరితో వింటారు అని అడిగారు కదా.

నేనూ నా స్నేహితుడూ ఇరవై రెండేళ్ళు ఒకే లోకల్ బండిలో చెన్నై వెళ్ళి వచ్చాం. వాడికి పి.బి.శ్రీనివాస్ గారంటే ప్రాణం. గుమ్మిడిపూండి వచ్చేదాకా మాటలు, తర్వాత నుంచి పాటలు, నెమ్మదిగా, పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా. రెండేళ్ళ కిందట వాడు పోయాడు. వాడి భార్య క్యాసెట్ల పెట్టె నాకిచ్చేసింది. ఇంకా తెరవలేదు. ఈ చర్చ చదువుతుంటే తెరవాలనిపిస్తోంది, కానీ ఒక్కణ్ణీ కూర్చుని తెరవలేను.


మైలాపూరు వీణ (చెన్నై)
మంగళవారం రాత్రి 8:55

అన్నయ్యా, ఆ పెట్టె తీసుకుని మా ఇంటికి రండి. మా ఇంట్లో క్యాసెట్ ప్లేయర్ పనిచేస్తోంది. పాత క్యాసెట్లు వెంటనే వెయ్యకూడదు, టేపు అతుక్కుని ఉంటుంది. ఒకసారి పూర్తిగా ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పి అప్పుడు వెయ్యాలి. మెల్లగా చేద్దాం. మీరు కూర్చోండి చాలు.


అట్టలేని పుస్తకం (చెన్నై)
మంగళవారం రాత్రి 9:20

నేనూ వస్తాను టీచర్ గారూ. శ్రీనివాస్ గారి పాటలున్న పుస్తకాలు ఏరి తెస్తాను. డ్రైవ్-ఇన్ వుడ్‌లాండ్స్ ఉన్న రోజుల్లో ఆయన్ని అక్కడ చాలాసార్లు చూశాను. తలపాగా, జేబు నిండా రంగురంగుల పెన్నులు, ఎదురుగా కాగితాలు, ఎప్పుడూ ఏదో రాసుకుంటూ ఉండేవారు. దగ్గరికెళ్ళి నమస్కారం పెట్టాలని ప్రతిసారీ అనుకున్నాను, ఒక్కసారీ పెట్టలేదు. 2008లో హోటలు మూసేశారు, 2013లో ఆయన వెళ్ళిపోయారు.


తుంగతీరం (బెంగళూరు)
బుధవారం ఉదయం 7:15

రాత్రంతా ఈ పోస్టులే చదువుతూ కూర్చున్నాను. సూళ్ళూరుపేట అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను. వచ్చే నెల రెండో శనివారం అయితే నాకు సెలవు. శుక్రవారం మధ్యాహ్నం బృందావన్ ఎక్కితే రాత్రికి సెంట్రల్‌లో ఉంటాను. మేడమ్ గారి నవల తిరిగి ఇవ్వడం మర్చిపోయి బ్యాగులోనే తెచ్చేశాను, అదీ ఇచ్చెయ్యాలి. కోరమంగళ తమ్ముడూ, నీకు వీలైతే కలిసి వెళ్దాం. ఆ మూడు ముక్కల రికార్డు తీసుకురా, పెరంబూరు పెద్దాయనకి చూపిద్దాం. అతికించలేరు కానీ, అదే రికార్డు ఆయన దగ్గర ఉందేమో వెతుకుతారు.


కోరమంగళ శ్రోత (బెంగళూరు)
బుధవారం ఉదయం 7:40

టికెట్ ఇప్పుడే చూస్తున్నా అన్నా. రెండు సీట్లు, పక్కపక్కనే. ఒకటి కిటికీ పక్కది, కుప్పంలో చెయ్యి ఊపాలిగా.


సూళ్ళూరుపేట లోకల్
బుధవారం రాత్రి 8:35

వస్తాను. పెట్టె తెస్తాను.


మాంబళం మావయ్య (చెన్నై)
గురువారం ఉదయం 6:00

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక వచ్చే బండి అది. అంత రాత్రివేళ ఎక్కడికీ పోవద్దు, ఇద్దరూ మా ఇంటికే రండి. సెంట్రల్ నుంచి పార్క్ స్టేషన్‌కి నడిచి లోకల్ ఎక్కితే మాంబళంలో దిగొచ్చు. మా కోడలు పెరుగన్నం, మాగాయి ఉంచుతుంది. నాన్నగారి వయొలిన్ పెట్టె అటక మీద ఉంది, మనవడితో కిందికి దింపిస్తాను. తీగలు లేవు, కానీ చూద్దురుగాని.